తుప్పుకి పళ్ళరసం

జూన్ 2, ఆదివారం

ఈ పొద్దు విశేషంగా ఏమీ జరగలేదు. అందుకే రాసి పెట్టుకుంటున్నాను. ఇలాంటి పొద్దులు ఇంకెన్ని దొరుకుతాయో తెలియదు.

తెల్లవారకముందే లేచాను. పెరట్లో నందివర్ధనాలు కోశాను. స్నానం, దీపం. పాతపట్నంలో మా వీధికి ఆ వేళకి రెండే చప్పుళ్ళు. పాల క్యాన్ల మోత ఒకటి, పర్లాకిమిడి వెళ్ళే మొదటి బస్సు హారన్ ఒకటి. ఈ వేసవి నుంచి మూడోది చేరింది, మా తమ్ముడి మిక్సీ. నేను సహస్రనామం మొదలుపెట్టగానే అదీ మొదలవుతుంది. నాకంటే ముందే పూర్తి చేస్తుంది.

తమ్ముడు నగరేశ్వరరావు బనీనుతో వంటింట్లో నిలబడి నేరేడు పళ్ళు, నల్ల ద్రాక్ష, దానిమ్మ గింజలు కలిపి తిప్పాడు. వడకట్టి, పిప్పి ఆవుకని పక్కన పెట్టాడు. రసంలో తాటిబెల్లం కలిపాడు. పంచదార విషమట, తాటిబెల్లం ప్రకృతి అట. పెద్ద గ్లాసుతో నిలబడే తాగాడు. మరదలు రాధిక ఫ్రిజ్ మీద నుంచి షుగర్ మాత్రల అట్ట తీసి గ్లాసు పక్కన పెట్టింది. వాడు దాన్ని మళ్ళీ ఫ్రిజ్ మీదికి చేర్చాడు. ఆవిడ దింపింది. వాడు ఎక్కించాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ఓపిగ్గా ఉండేవారు కాదు.

ఆ తర్వాత కుర్చీలో కూర్చుని కాలి కట్టు మార్చుకున్నాడు. ఉగాది ముందు కొట్లో గునపం జారి బొటనవేలి మీద పడింది. గోరు ఊడింది. పుండు ఇప్పటికీ మానలేదు. పర్లాకిమిడి డాక్టరు పరీక్ష చేసి షుగర్ ఎక్కువగా ఉందన్నాడు, మాత్రలు రాశాడు, వేసుకోకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు. తమ్ముడు కొన్నాళ్ళు వేసుకుని మానేశాడు.

అదీ సంగతి. వాడు మాత్ర వేసుకోవాలి, వేలు దక్కాలి. రోజూ దేవుడికి చెప్పుకునేది ఇదొక్కటే.

జార్ అడుగున కొంచెం రసం మిగిలింది. వృథా పోకూడదని నేను తాగాను.

జూన్ 4, మంగళవారం

మధ్యాహ్నం వాడికి క్యారియర్ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను.

మాది ఇనప సామాన్ల కొట్టు. నాన్న పెట్టింది. వానలు మొదలవకముందే పారలకీ గొలుసులకీ కిరసనాయిలు గుడ్డతో తుడవడం చిన్నప్పుడు మా ముగ్గురి పని. మిగతా ఇళ్ళల్లో పిల్లల్ని బూచాడొస్తాడని భయపెట్టేవారు. మా ఇంట్లో తుప్పు పడుతుందని భయపెట్టేవారు. అందుకే ఫోన్‌లో ఎవరో ఒకాయన ఒంట్లో పట్టే తుప్పు గురించి చెప్పేసరికి మా తమ్ముడు అలా పడిపోయాడు. గాలి తగిలి ఇనుము తుప్పు పట్టినట్టే లోపల మన కణాలూ తుప్పు పడతాయట. పళ్ళ రంగులో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయట. అవి ఆ తుప్పుని ఆపుతాయట. రంగు ఎంత ముదురైతే అంత మేలట.

నేను వెళ్ళేసరికి మేకుల కోసం వచ్చిన ఒక వడ్రంగికి పాఠం నడుస్తోంది. తమ్ముడు ఒక చేతిలో కొత్త మేకు, ఇంకో చేతిలో తుప్పు మేకు పట్టుకున్నాడు.

"ఇది నువ్వు పుట్టినప్పుడు. ఇది ఇప్పుడు. బీడీలు తాగతన్నావు కదా, నీ లోపలున్నవన్నీ ఇలగే ఉంటాయి. రోజూ గుప్పెడు నేరేడు పళ్ళు తిను."

అతను రెండు మేకుల్నీ చూసి, తుప్పువి అయితే తగ్గించి ఇస్తారా అని అడిగాడు.

పళ్ళమ్మే గురమ్మ బుట్ట ఇప్పుడు మా కొట్టు మెట్ల మీదే ఉంటోంది. తమ్ముడు పాఠం చెప్పాక జనం ఆ బుట్ట వైపు చూడకుండా వెళ్ళలేరు. ధర పెంచింది. తమ్ముడికి కూడా పెంచింది. పుట్టి బుద్ధెరిగాక వాడు బేరమాడకుండా కొన్నవి ఈ నేరేడు పళ్ళే.

మెట్లు దిగుతూ వాడు కుంటడం చూశాను. నన్ను చూసి కుంటడం మానేశాడు.

జూన్ 7, శుక్రవారం

ఫోన్‌లో ఆయన ఇవాళ కివీ పండు గొప్పతనం చెప్పాడట. తమ్ముడు సరిగ్గా అన్నం తినలేదు.

కారణం కాశీ. రెండేళ్ళ కిందట అందరం కలిసి వెళ్ళినప్పుడు ఆనవాయితీ ప్రకారం తలో కాయ, తలో పండు గంగ ఒడ్డున వదిలేశాం. జన్మలో మళ్ళీ తినకూడదు. నేను దొండకాయ, పనస పండు వదిలాను. తమ్ముడు కాకరకాయ, కివీ పండు వదిలాడు. కాకరకాయ వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ గిట్టదు. కివీని వాడు కళ్ళతో చూడలేదు, పేరు వినడమే. ఇష్టమైనది వదిలితేనే లెక్కరా అని అక్కడే అన్నాను. పురోహితుడు ఒప్పుకున్నాడు కదక్కా అన్నాడు.

ఇప్పుడు పర్లాకిమిడిలో పళ్ళ దుకాణం నిండా కివీలేనట. వాడు ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడని రాధిక చెప్పింది. దేవుడి దగ్గర అన్న మాట వాడు తప్పడు. మనుషుల దగ్గరైతే అవసరాన్ని బట్టి.

పక్కింట్లో పనస పండు కోశారు. వాసన వస్తోంది. నాకేమీ అనిపించదు.

జూన్ 9, ఆదివారం

భరణి బొబ్బిలి నుంచి వచ్చింది. నా తర్వాతది, తమ్ముడికి పెద్దది. బళ్ళో పిల్లలకి సైన్సు చెబుతుంది. గుమ్మంలో చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఒరే నగరేషూ, తుప్పట్టిన గేటుకి రంగెయ్యాలని ఎవరైనా వస్తే నువ్వేటి సెప్తావు?"

"ముందు గరుకు కాయితంతో గీకమంటాను."

"గీకకుండా రంగేస్తే?"

"వానాకాలం రాకముందే పొక్కులొచ్చి రాలిపోతాది."

"మరి నీ షుగరెవడు గీకుతాడు? మాత్ర గరుకు కాయితంరా. పళ్ళు రంగు. రంగు మంచిదే, కాదని ఎవరన్నారు? ముందు గీకు."

రాధిక ముఖం వెలిగింది. నాకూ బాగా చెప్పిందనిపించింది. తమ్ముడు చాలాసేపు కాలి కట్టు వైపు చూశాడు.

"నాన్నని గీకీ గీకీ కాలు తీసీసినారు కదా" అన్నాడు.

భరణి లేచి వెళ్ళి ముఖం కడుక్కుంది.

నాన్న మాత్రలు మొదలుపెట్టిన ఏడాదే కాలు తీశారు. ఆ తర్వాత ఎన్నాళ్ళో లేరు. ఆయన మాత్రలు మొదలుపెట్టిందే ఆలస్యంగా. పుండుని నెలల తరబడి పసుపు పెట్టి దాచారు. ఆ సంగతి తమ్ముడికి తెలియదు. వాడు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. వాడికి గుర్తున్నది మాత్రల అట్ట, ఆ తర్వాత కాలు.

చెబుదామనుకున్నాను. భోజనాల వేళ అయింది.

జూన్ 10, సోమవారం

మిక్సీ రెండు పూటలూ తిరిగింది.

జూన్ 15, శనివారం

రాధిక వాడి కట్టు గుడ్డలు వేడినీళ్ళలో ఉడకబెడుతూ ఏడ్చింది. వాసన వస్తోంది. వేలు చుట్టూ నల్లబడుతోంది. వాడిని అడిగితే నేరేడు రంగు దిగిందన్నాడట.

"వదినా, డాక్టరు సెప్తే వినరు, నేను సెప్తే వినరు. దేవుడి దగ్గరన్న మాటైతే వింటారు. మీరేదైనా సెయ్యండి" అంది.

ఆలోచించాను. నాన్న తిథి దగ్గరికొచ్చింది. ఈసారి శ్రీకూర్మంలో పెడదామన్నాను. తమ్ముడు వెంటనే సరేనన్నాడు. దేవుడి ముందు ఏదో ఒకటి వదిలెయ్యమంటాను. వాడి మనసంతా ఇప్పుడు జ్యూస్ మీదే ఉంది. అది వదిలితే గత్యంతరం లేక మాత్ర వేసుకుంటాడు.

నా ఆలోచన బాగుందని రాధిక అంది. నాకూ అలాగే అనిపించింది. అయినా పైకి అనలేదు.

జూన్ 18, మంగళవారం

నిర్జల ఏకాదశి. నీళ్ళు కూడా ముట్టలేదు. జ్యూస్ నీళ్ళు కాదని తమ్ముడు చాలాసేపు వాదించాడు. వాడి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా నేను తాగలేదు.

జూన్ 19, బుధవారం

ద్వాదశి. రెండు గ్లాసులు.

జూన్ 26, బుధవారం

శ్రీకూర్మం వెళ్ళి వచ్చాం. నేను, తమ్ముడు, రాధిక. కారు మాట్లాడుకున్నాం. వాడు ఫ్లాస్కులో రసం తెచ్చుకున్నాడు.

కార్యం శుభ్రంగా జరిగింది. పిండం పెట్టేటప్పుడు నాన్న పేరు చెప్పమంటే వాడు నా వైపు చూశాడు. పేరు నేను అందించాను.

గుడి వెనక తాబేళ్ళు ఆకుకూర తింటున్నాయి. తమ్ముడు వాటి దగ్గర నిలబడిపోయాడు. "సూడక్కా, ఎన్నేళ్ళు బతుకుతాయి. మందా మాకా" అన్నాడు. ఆకుపచ్చలో కూడా యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయట. పక్కన నిలబడ్డ భక్తులకి కూడా వివరంగా చెప్పాడు. ఒకావిడ తాబేళ్ళకి దణ్ణం పెట్టి, అదే చేత్తో వాడికీ పెట్టింది.

స్వామి ముందు నిలబడ్డాక వాడికి మాత్రమే వినిపించేలా అన్నాను. కాశీలో నువ్వు వదిలినవి లెక్కలోకి రావు. ఇక్కడ ఒకటి వదిలెయ్. వదలాలంటే ప్రాణం మీదికి వచ్చేది అయ్యుండాలి. అంతే అన్నాను. జ్యూస్ పేరు ఎత్తలేదు. నేను పేరు పెట్టి వదిలిస్తే అది నేను వదిలించినట్టు, వాడు వదిలినట్టు కాదు.

వాడు కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు. చెంపల మీద నీళ్ళు కారాయి. పెదవులు కదిలాయి. రాధిక నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం స్వామికి మనసులోనే దణ్ణాలు పెట్టుకున్నాం. బయటికి వచ్చాక వాడి ముఖం చంటిపిల్లాడి ముఖంలా తేటగా ఉంది.

కారు కదలగానే వాడు ఫ్లాస్కు అందుకున్నాడు. మూత నిండా రసం పోసుకుని తాగాడు.

ఏమి వదిలావని అడిగాను.

"మాత్రలు."

రాధిక చేతిలోని ప్రసాదం కొంత ఒళ్ళో పడింది. డ్రైవరు పాట ఆపేశాడు.

"కాశీలో గిట్టనిది వదిలీసినానని ఇన్నాళ్ళూ దెప్పినావు కదక్కా. అందుకే ఈసారి ప్రాణానికి అక్కరైనదే వదిలీసినాను. అవి లేకపోతే వేలు పోతాదని డాక్టరే సెప్పినాడు. స్వామికి ఇవ్వడానికి అంతకంటే పెద్దది నా దగ్గరేటున్నాది?"

వెటకారం కాదు. వాడి ముఖంలో ఎక్కడా అది లేదు. నిజంగానే ఇచ్చేశాడు. అదే వచ్చిన చిక్కు.

ఇల్లు చేరేదాకా నేను జపం చేసుకున్నాను.

జూన్ 27, గురువారం

నాకు కోపం రాలేదు.

జూన్ 28, శుక్రవారం

ఇవాళ కూడా రాలేదు.

జూన్ 30, ఆదివారం

రాధిక మా ఇంటి పురోహితుడు ఉమాశంకర్‌ని పిలిపించింది. దేవుడి దగ్గర వదిలింది వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా అని అడిగింది. ఆయన కాఫీ పూర్తయ్యేదాకా ఆలోచించారు. మొక్కు తీర్చలేకపోతే ప్రాయశ్చిత్తం ఉంది గాని, వదిలింది మళ్ళీ కావాలని స్వామిని అడగడం తన అనుభవంలో లేదన్నారు. పైగా ఎవరైనా వంకాయ వదులుతారు, మామిడి వదులుతారు, మందు వదిలినవాడు ఈ తాలూకాలో లేడన్నారు. తమ్ముడు అది మెప్పు అనుకున్నాడు.

వెళ్ళేటప్పుడు ఉమాశంకర్ గారు, అసలు ఈ సలహా ఇచ్చిందెవరని అడిగారు. నేను పూలు కట్టుకుంటున్నాను.

జూలై 4, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పూజలో ఉండగా చేతులు వణికాయి. ఒళ్ళంతా చెమట. దీపం రెండుగా కనిపించింది, తర్వాత దీపాలే దీపాలు. గుండె దడదడలాడింది. ఇన్నేళ్ళ పూజకి స్వామి ఇవాళ దయ తలిచాడనుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. పీట మీద నుంచి మెల్లగా పక్కకి ఒరిగాను. హాయిగా ఉంది.

ఎక్కడో దూరం నుంచి రాధిక కేక వినపడింది.

"వదినా, జార్లోది మీరు తాగీసినారేటి?"

తల నిలబెట్టి పంచదార నీళ్ళు నోట్లో పోసింది. మూడో గుక్కకి స్వామి వెళ్ళిపోయాడు.

సంగతి ఏమిటంటే, భరణి ఫోన్‌లో సలహా ఇచ్చిందట. వాడికి తెలియకుండా మాత్రలు పొడి చేసి రసంలో కలిపెయ్యమని. రాధిక ఒక మాత్రతో ఆగలేదు, ఇన్నాళ్ళూ వేసుకోనివి కూడా కలిసొస్తాయని నాలుగు కలిపింది. తమ్ముడు ఒక్క గుక్క తాగి, ఇవాళ దానిమ్మ చేదుగా ఉందని మిగతాది జార్లో వంపేసి కొట్టుకి వెళ్ళిపోయాడు. రాధిక పాలవాడితో మాట్లాడి వచ్చేలోగా జార్ ఖాళీ.

నాకూ చేదుగానే అనిపించింది. నైవేద్యానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు వృథా పోకూడదని తాగాను.

రాధిక నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నాకు కోపం రాలేదు. నిజానికి కొంచెం బాధగా ఉంది, అది వేరే విషయం గురించి. పరగడుపున అంత రసం ఎందుకు తాగారని అడిగింది. రోజూ కొంచెమే అన్నాను. రోజూనా అంది.

కబురు తెలిసి తమ్ముడు కొట్టు వదిలేసి వచ్చాడు. నేను బాగానే ఉన్నానని చూసుకున్నాడు. తర్వాత అర్థమైంది వాడికి, ఆ గ్లాసు ఎవరి కోసం కలిపిందో.

"నాకు తెలీకుండా నా సేత మాట తప్పించీద్దామనుకున్నారా" అన్నాడు రాధికతో. ఆవిడ తల ఎత్తలేదు. నా వైపు తిరిగాడు. "నువ్వు కూడానా అక్కా?"

నేను తాగడం వరకేనన్నాను.

జూలై 5, శుక్రవారం

ఇంట్లో వాడు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సాయంత్రానికి గురమ్మ బుట్ట ఖాళీ.

జూలై 7, ఆదివారం

శ్రీకాకుళం ఆసుపత్రిలో రాస్తున్నాను.

పొద్దున కొట్టు తెరవగానే తమ్ముడు గొలుసుల మధ్య పడిపోయాడు. గురమ్మ అరుపులకి వీధంతా వచ్చింది. జ్వరం, పాదం చీలమండ దాకా వాచిపోయింది, ఎర్రగా. షుగర్ నాలుగు వందలు దాటింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, రేపటికల్లా అదుపులోకి రాకపోతే వేలితో ఆగదు, పాదం ఆలోచించాల్సి వస్తుందని చెప్పింది.

కారు ఎక్కించేటప్పుడు గురమ్మ కిటికీ పట్టుకుని వదల్లేదు. "అమ్మా, నా పళ్ళ వల్ల కాదు కదా?" అంది. నీ పళ్ళ వల్ల కాదన్నాను. ఆమె చెయ్యి తీయలేదు. ఇంకోసారి చెప్పాను.

రాధిక వరండాలో బెంచీ మీద ఉంది. నేను లోపల వాడి మంచం పక్కన ఉన్నాను. వాడికి మెలకువ వచ్చి గోడలు చూశాడు. నాన్న ఇలాంటి గదిలోనే ఉన్నారా అని అడిగాడు. అవునన్నాను. ఈసారి చెప్పేశాను. నాన్న పుండు ఎన్నాళ్ళు దాచారో, డాక్టరు మాత్రలు ముందే రాస్తే వాటిని అల్మారాలో ఎన్నాళ్ళు ఉంచారో. వాడు విన్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, అల్మారాలోనా, ఫ్రిజ్ మీద కాదా అని అడిగాడు.

అప్పట్లో మనకి ఫ్రిజ్ లేదురా అన్నాను.

జూలై 8, సోమవారం

డాక్టరమ్మ మాత్రలు తెచ్చింది. తమ్ముడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆవిడ కోప్పడింది. వాడు శ్రీకూర్మంలో ఏం జరిగిందో మొత్తం చెప్పాడు, తాబేళ్ళతో సహా. ఇప్పుడు తనకి వేసుకోవాలనే ఉందనీ, తప్పు తెలిసిందనీ, కానీ స్వామికి ఇచ్చిన మాట ఇచ్చిందేననీ అన్నాడు. పాదం పోయినా సరేనా అని ఆవిడ అడిగింది. వాడు దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్నాడు. చిన్నప్పుడు వాన రాత్రి ఉరుముకి ఇలాగే పట్టుకునేవాడు, అప్పుడు నా చీర కొంగు.

నేను కళ్ళు మూసుకుని స్వామిని అడిగాను. ఇలా ఇరికించింది నేనే కాబట్టి దారి కూడా నువ్వే చూపించాలి అన్నాను. మళ్ళీ చదివితే వాక్యం సరిగ్గా లేదు. అలాగే అన్నాను.

తమ్ముడు నెమ్మదిగా పిలిచాడు.

"అక్కా, సూది మాత్ర కాదు కదా?"

గదిలో అందరూ నా వైపు చూశారు. డాక్టరమ్మ కూడా.

"స్వామి దగ్గర నువ్వు అన్న మాట ఏమిటి?" అన్నాను.

"మాత్ర ముట్టనని."

"సూది సంగతి ఆయన అడిగాడా?"

"లేదు."

"మరి నువ్వెందుకు ఎత్తుతావు?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. ఎలాగూ ఇప్పుడు ఇన్సులిన్ తప్పదట, మిగతా మందులూ సూదితోనే ఇస్తుందట. తమ్ముడు ధైర్యంగా చెయ్యి చాపాడు. నర్సు పొట్ట అంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం వాడు కొంచెం తేరుకుని ఆవిడతో యాంటీ ఆక్సిడెంట్ల గురించి వాదన పెట్టుకున్నాడు. ఆవిడ కాదనలేదు. రంగు పళ్ళు మంచివేనంది, గుండెకీ రక్తనాళాలకీ మేలు చేస్తాయంది, తనూ రోజూ తింటానంది. కానీ పండు నమిలి తినాలి, తాగకూడదంది. రోజుకి ఒకటి, తొక్కతో తినగలిగేది తొక్కతోనే. పిప్పి తీసేసి తియ్యటి నీళ్ళకి తాటిబెల్లం కలిపితే తుప్పు సంగతేమో గాని షుగర్ మాత్రం పరుగెత్తుతుందట. ఏ పండూ మందుకి బదులు కాదట. పిప్పి ఏం చేసేవారని అడిగింది. ఆవుకి పెట్టేవాళ్ళమని రాధిక చెప్పింది.

ఆవు ఎలా ఉందని అడిగింది డాక్టరమ్మ. నిగనిగలాడుతోందండి అన్నాడు తమ్ముడు, తనే.

జూలై 11, గురువారం

పుండు శుభ్రం చేశారు. వాపు తీసింది. వేలు దక్కుతుందని ఇవాళ ఖాయంగా చెప్పారు. వరండాలోకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడ్డాను.

నేను అలా నిలబడి ఉండగా భరణి వచ్చి నన్ను పరీక్షల గదికి తీసుకుపోయింది. నాకూ షుగర్ ఉందట. కొత్తగా. డాక్టరమ్మ చిన్న మాత్ర రాసింది, పొద్దున ఒకటి. ఉపవాసాల వల్ల అయ్యుంటుందన్నాను. జ్యూస్ ఎన్నాళ్ళు తాగారని అడిగింది. జార్ కడగడానికి ముందు కొంచెం అని చెప్పాను. భరణి అక్కడే కూర్చుని నవ్వింది. డాక్టరు గదిలో అంత నవ్వడం మర్యాద కాదు.

జూలై 14, ఆదివారం

తమ్ముడిని ఇంటికి తీసుకొచ్చాం. మడమ మీద ఆనుకుని నడుస్తున్నాడు. గురమ్మ మెట్ల మీద ఎదురుచూస్తూ ఉంది, ఒక జామకాయ ఇచ్చి వెళ్ళింది. ఒక్కటే. డబ్బు తీసుకోలేదు.

సాయంత్రం దీపం పెట్టాక అందరం హాల్లో కూర్చున్నాం. భరణి బొబ్బిలి బస్సు వదులుకుంది. ఉమాశంకర్ గారు కూడా వచ్చారు, ఎవరూ పిలవకుండా.

జ్యూస్ సంగతి ముందు తేలింది. ఇక లేదు. పండు ఒకటి, ముక్కలు కోసి, అందరూ చూస్తుండగా నమలాలి. తమ్ముడు ఒప్పుకున్నాడు. నాకూ అదే రూలని భరణి అంది. నేనేమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క వేశారు.

తర్వాత మందు. పుండు మానాక మాత్రలకి మారవచ్చని డాక్టరమ్మ చెప్పింది. తమ్ముడు మారనన్నాడు. భయం పోయిందట, మాట ఉండిపోయిందట. బతికినంతకాలం సూదేనా అని రాధిక అడిగింది. సూదేనన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకుంటే ధర్మం ప్రకారం ఏ ఇబ్బందీ లేదని ఉమాశంకర్ గారు అన్నారు. ఆ మాట చెప్పడానికే వచ్చినట్టు వెంటనే లేచారు.

సూది ఎవరు వెయ్యాలి? రాధికకి చేతులు వణుకుతాయి. భరణి ఊళ్ళో ఉండదు. తమ్ముడు సూది వంక చూస్తేనే తల తిప్పుకుంటాడు. ముగ్గురూ నా వైపు చూశారు. ఆసుపత్రిలో నర్సు నాకు బత్తాయి పండు మీద నేర్పింది. నా చెయ్యి బాగా నిలకడగా ఉందని మెచ్చుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పొద్దని నర్సుతో అన్నాను, కానీ భరణి పక్కనే ఉంది.

అప్పుడు తమ్ముడు ఒక మాట అన్నాడు.

"సరే, నా సూది అక్క వెయ్యాల. అక్క మాత్ర నేనే ఇస్తాను, నా ఎదురుగా మింగాల. నేను ముట్టనన్నది మింగడానికి, ఒకరికి ఇవ్వడానికి కాదు." నా మాత్రల అట్ట తీసుకున్నాడు. "నాన్నలాగ అల్మారాలో పెట్టీకు అక్కా."

నేను తల ఊపాను.

ఎక్కడ గుచ్చుతావని అడిగాడు. పొట్ట మీద అన్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రేపు కదురా, ఇప్పుడెందుకు మూసుకుంటావన్నాను.

"అలవాటు సేసుకుంటన్నాను."

రేపటి నుంచి మొదలు. పూజ అయ్యాక ముందు వాడికి సూది, తర్వాత నాకు మాత్ర, ఆ తర్వాతే పండు. నేను మింగేదాకా వాడు ముక్క ముట్టకూడదు, వాడు గుచ్చించుకునేదాకా నేను ముట్టకూడదు. అలాగని నిర్ణయించారు.